షోలవరం, హుస్సేన్ సాగర్, సియాటిల్: సొంత డబ్బుతో రేసులాడినవాళ్లు ఇటు రండి

టూస్ట్రోక్_తాత (కెంట్, సియాటిల్ దగ్గర, వాషింగ్టన్ రాష్ట్రం)

షోలవరంలో రేసులు చూసినవాళ్లు, బండి దించినవాళ్లు ఈ వేదికలో ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే రాయండి. నాకు డెబ్బై దగ్గర పడుతోంది. మెడ ఎముకలు అరిగాయి, ఇక హెల్మెట్ పెట్టి కారెక్కొద్దని డాక్టరు తేల్చి చెప్పేశారు. పోయిన నెల రేసు కారు అమ్మేశాను. గ్యారేజీ సర్దుతుంటే, మన తెలుగువాళ్లలో ఈ పిచ్చి పట్టినవాళ్ల సంగతి ఎవరూ రాసిపెట్టలేదనిపించింది. గెలిచి పేపర్లో పడినవాళ్ల గురించి కాదు నేనంటున్నది. జీతంలో మిగిల్చుకుని ఆదివారం రేసాడి, సోమవారం పొద్దున్నే ఆఫీసులో కూర్చున్నవాళ్ల గురించి.

మాది నెల్లూరు. షోలవరం మద్రాసుకు ఉత్తరాన, మా నెల్లూరు వెళ్లే రోడ్డు మీదే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు అక్కడే రేసులు పెట్టేవాళ్లు. నేను గిండీలో ఇంజినీరింగ్ చదువుతూ, సెకండ్ హ్యాండ్ యెజ్డీ 250తో మొదటిసారి దిగాను. హెడ్‌లైటు, మడ్‌గార్డులు విప్పేసి, సిలిండర్ పోర్టులు ఆకురాయితో అరగదీసి, పుదుపేట పాత సామాన్ల కొట్లలో కార్బొరేటర్ వెతికి తెచ్చి బిగించాం.

ఆ రోజుల్లో ట్యూనింగ్‌కి కంప్యూటర్ లేదు, స్పార్క్ ప్లగ్గే దిక్కు. ఫుల్ థ్రాటిల్‌లో లాగించి, క్లచ్ పట్టి, అదే క్షణంలో ఇంజిన్ ఆపెయ్యాలి. బండి దొర్లి ఆగాక ప్లగ్ విప్పి లోపలి పింగాణీ రంగు చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, ఇంకో రెండు రౌండ్లకు పిస్టన్ కరిగిపోతుంది. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. కాఫీపొడి రంగు వచ్చిందంటే మెయిన్ జెట్, అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే సన్న రంధ్రం, కుదిరినట్టు. రేసు ముందురోజు సాయంత్రమంతా మాకు ఈ పనే.

తర్వాత బెంగళూరులో ఉద్యోగం, సిపాని డాల్ఫిన్ కారులో ర్యాలీలు. 1989లో అమెరికా వచ్చాను. ఇక్కడ కార్ల రేసులు, నలభై అయిదు దాటాక పడవ రేసులు. వాటి గురించి తర్వాత రాస్తాను. ముందు మీవి చెప్పండి.

గూడూరు_బస్సు (తిరుపతి)

అన్నా, నేను దిగినవాణ్ని కాదు, చూసినవాణ్ని. మా నాన్నతో కలిసి తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లేవాళ్లం. ఇప్పటికీ ముక్కులో ఉండిపోయింది ఆ వాసన. పెద్ద బండ్లవాళ్లు ఆముదంతో చేసిన ఇంజిన్ ఆయిల్ వాడేవాళ్లు. ఆ పొగ పీలిస్తే తియ్యగా, ఘాటుగా ఉండేది. గడ్డిమోపులు, పాత టైర్లు అడ్డం పెట్టి మలుపులు చేసేవాళ్లు. మేము నిలబడ్డచోట మాకూ బండ్లకూ మధ్య ఒక తాడు, అంతే. ఇవాళ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం ముందు వరసలో చోటు దొరికితే చాలనుకునేవాళ్లం.

ఆర్‌డీ_గుంటూరు (గుంటూరు)

యెజ్డీ తర్వాత కథ నేను చెప్తా. 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు రాజ్‌దూత్ 350 తెచ్చారు, అదే యమహా ఆర్‌డీ 350. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, హై టార్క్ మోడల్‌కి 30.5 హార్స్‌పవర్. జపాన్ బండికి ముందు డిస్క్ బ్రేక్ ఉండేది, మన దగ్గర డ్రమ్ బిగించారు. అందుకే లాగడం ఎవరికైనా వచ్చేది, ఆపడం వచ్చినవాడే రైడరు. 1985లో ఆర్ఎక్స్ 100 వచ్చాక ఆట మధ్యతరగతి ఇళ్లకు చేరింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, తేలిక బండి, స్పేర్లు ప్రతి ఊళ్లో దొరికేవి. మా గుంటూరు లేత్ షెడ్డు మేస్త్రీ ఆర్ఎక్స్ సిలిండర్ హెడ్డు ఎన్ని మిల్లీమీటర్లు అరగదీయాలో వేలితో తడిమి చెప్పేవాడు. చదువు అయిదో తరగతి. ఆయన చేతి బండి మీద గెలిచిన కుర్రాళ్లకు కప్పులు వచ్చాయి. ఆ మేస్త్రీ ఎవరో ఇవాళ ఎవరికీ తెలియదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తాతగారూ, బండి ఎప్పుడైనా సీజ్ అయ్యిందా?

టూస్ట్రోక్_తాత

అవ్వని టూస్ట్రోక్ రైడరు ఉంటాడా బాబూ! చదివే కుర్రాళ్ల కోసం వివరంగా చెప్తాను. నా యెజ్డీలో ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోస్తాం. నిండు వేగంలో ఉండగా మలుపు కోసం థ్రాటిల్ మూశావంటే పెట్రోలు ఆగుతుంది, దాంతోపాటే ఆయిలూ ఆగుతుంది. ఇంజిన్ మాత్రం అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌ని కరుచుకుంటుంది. వెనక చక్రం బిగుసుకుపోతుంది. క్లచ్ పట్టడానికి దొరికేది అర సెకను. అందుకే ఎడమచేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ లీవర్ మీదే ఉండేవి. శబ్దం కాస్త పీలగా మారిందంటే మెదడుకు తెలిసేలోపే వేళ్లకు తెలిసిపోయేది. టూస్ట్రోక్ బైకు మానేసి ముప్పై ఏళ్లు దాటినా స్కూటరెక్కితే ఆ రెండు వేళ్లు లీవర్ మీదికి వాటంతటవే పోతాయి.

మేస్త్రీ గురించి మీరు రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను చెప్పాలనుకున్నదీ అదే. ఒక్కడు బండి మీద కూర్చోవడానికి వెనక పదిమంది పని చేస్తారు. అందులో ఎక్కువమంది పైసా తీసుకోరు.

తెరచాప_సాగర్ (సికింద్రాబాద్)

పడవ అన్నారు కాబట్టి వచ్చాను. ఇంజిన్ శబ్దం లేకుండా కూడా రేసు ఉంటుందని ఈ చర్చలో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నేను ఆర్మీలో ఈఎంఈలో, అంటే యంత్రాలు, ఎలక్ట్రానిక్స్ చూసుకునే విభాగంలో పనిచేశాను. హుస్సేన్ సాగర్ మీద ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ వాళ్ల పడవల్లో తెరచాప కట్టడం నేర్చుకున్నాను. మొదట ఎంటర్‌ప్రైజ్, ఇద్దరు ఎక్కే నీలం చాపల పడవ. తర్వాత లేజర్, ఒక్కడే నడిపేది, పొడవు 4.23 మీటర్లు. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ వానాకాలంలో జరిగేది పడమటి గాలి కోసమే. గట్టు మీదినుంచి చూసేవాళ్లకు పడవలు నిదానంగా పోతున్నట్టు కనిపిస్తాయి. లోపలున్నవాడికి తొడలు వణుకుతుంటాయి. పడవ ఒరగకుండా పాదాలు పట్టీ కింద దూర్చి, ఒళ్లంతా నీటి మీదికి వేలాడేసి కూర్చోవాలి. ఒక రేసు ముగిసేసరికి నడుము పనికిరాదు.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. నీటి మీద చాలా రేసుల్లో అంపైరు ఉండడు. కుడివైపు నుంచి గాలి అందుకుంటున్న పడవకు దారి ఇవ్వాలి. ఇవ్వకుండా అడ్డం వచ్చావంటే నీకు నువ్వే పక్కకు వెళ్లి, రెండు పూర్తి చుట్లు తిరిగి, మళ్లీ రేసులో కలవాలి. చూసేవాడు లేకపోయినా తిరగాలి. ఇరవై ఏళ్ల కుర్రాడు మూడో స్థానంలో ఉండి, ఎవరూ కేకెయ్యకముందే పక్కకు తప్పుకుని గిరగిరా రెండు చుట్లు తిరిగి వెనకబడటం నేను చూశాను. కప్పు ఎవరికి వచ్చిందో గుర్తులేదు కానీ ఆ కుర్రాడి పడవ నంబరు గుర్తుంది.

2009లో మొదలైన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ సర్కారు బడి పిల్లల్ని తెచ్చి పడవెక్కిస్తోంది. మా రోజుల్లో ఇది ఫౌజీల, పెద్దింటివాళ్ల ఆట. ఇవాళ బస్తీ ఆడపిల్లలు చుక్కాని పట్టి జాతీయ పోటీల్లో పతకాలు తెస్తున్నారు.

టూస్ట్రోక్_తాత

సార్, నమస్కారం. మీ పడవకూ నా పడవకూ ఒక పోలిక ఉంది: రెంటిలోనూ నిలబడి ఉండి బయల్దేరడం కుదరదు. మీకు అయిదు నిమిషాల ముందు నుంచి జెండాలు ఎక్కిస్తారు, దించుతారు. మాకు గట్టు మీద పెద్ద గడియారం. చివరి నిమిషం ముల్లు తిరుగుతుండగా పడవలన్నీ కోర్సు మీద తిరుగుతుంటాయి. ముల్లు సున్నా మీదికి వచ్చే క్షణానికి ఫుల్ థ్రాటిల్‌లో గీత దాటాలి. రెప్పపాటు ముందు దాటితే ఆ హీట్, అంటే ఆ విడత రేసు, పోయినట్టే. వెనకబడితే ముందు పడవలు లేపిన నీటి తెర మొహాన కొడుతుంది, దారి కనిపించదు.

నేను నడిపింది అవుట్‌బోర్డ్ హైడ్రోప్లేన్. ప్లైవుడ్‌తో చేసిన చిన్న పడవ, వెనక ఇంజిన్. అందులో కూర్చోవడం ఉండదు, మోకాళ్ల మీద ఉండాలి. కుడిచెయ్యి స్టీరింగ్ మీద. ఎడమచేత్తో థ్రాటిల్ పిడి నొక్కి పట్టుకోవాలి, వదిలేస్తే స్ప్రింగుతో అదే మూసుకుంటుంది. ఇంజిన్ ఆపే తాడు ఒకటి లైఫ్‌జాకెట్‌కి కట్టి ఉంటుంది. మనిషి నీళ్లలో పడితే ఇంజిన్ ఆగిపోవాలి, లేకపోతే పడవ తిరిగొచ్చి వాణ్నే కొట్టవచ్చు. వేగం అందుకున్నాక పడవ నీటిని పూర్తిగా తాకదు. ముందు రెండు అంచులు, వెనక ప్రొపెల్లర్, అంతే ఆనేది. చెరువు మీద పెంకు విసిరితే గెంతుకుంటూ పోతుందే, ఆ పెంకు మీద నువ్వు మోకరిల్లి ఉన్నట్టు. ముక్కు కిందికి గాలి కాస్త ఎక్కువ దూరిందా, పడవ వెనక్కి తిరగబడుతుంది. మనిషి బరువే బ్యాలెన్సు. తిన్నని దారిలో ముందుకు వంగాలి, మలుపులో ఎడమవైపు ఒళ్లంతా వేలాడెయ్యాలి.

నేనసలు ఇందులోకి వచ్చింది మా అమ్మాయి వల్ల. అది తనే రాస్తే బావుంటుంది.

బెజవాడ_ఘాట్ (విజయవాడ)

పడవ రేసులంటే నేనూ ఒక మాట. 2018 నవంబరులో మా కృష్ణమ్మ మీద ఫార్ములా వన్ పవర్‌బోట్ రేసు జరిగింది, గుర్తుందా? వారం రోజులు ఊరంతా అదే మాట. ఘాట్ల మీద ఇసకేస్తే రాలనంత జనం. బ్రేకులు లేవు, గేర్లు లేవు, గంటకు 200 కిలోమీటర్లు దాటే వేగం. ఇంతకీ ఆ పడవల్లో ఉన్నది కూడా టూస్ట్రోకే, మెర్క్యురీ వీ6, 400 హార్స్‌పవర్ దాకా. తాతగారి యెజ్డీకి పెద్దన్నయ్య.

నాకు ఒక్కటే వెలితి. ఆ మూడు రోజుల తర్వాత ఏమీ మిగల్లేదు. నది ఉంది, ఈతగాళ్లు ఉన్నారు, పడవ కట్టే చేతులున్నాయి. పది చిన్న పడవలతో ఒక క్లబ్బు పెట్టి ఉంటే ఈపాటికి మన పిల్లలు రేసుల్లో ఉండేవాళ్లు. పెద్ద పండగ చేస్తాం, వీధిలో ఆట పెట్టం.

మూల_జెండా (అంబత్తూరు, చెన్నై)

బెజవాడ గారూ, కరెక్టుగా చెప్పారు. హైదరాబాద్‌లోనూ అదే అయింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. మద్రాసులో ఆట బతికిందంటే క్లబ్బు వల్లే. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నారు, 3.7 కిలోమీటర్లు. అప్పటినుంచి స్టార్ల రేసులున్నా లేకపోయినా అక్కడ ఏటా ఆట జరుగుతూనే ఉంది.

మాది చిత్తూరు జిల్లా, పొట్టకూటికి అంబత్తూరు వచ్చాం. నేను రేసు బండి ఎప్పుడూ ఎక్కలేదు. మార్షల్‌ని. మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాణ్ని. పొద్దున్న ఆరున్నరకు బ్రీఫింగ్, మధ్యాహ్నం డబ్బా భోజనం, సాయంత్రం దాకా ఎండలోనే. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చేయకూడదు. పసుపు మీద ఎర్రచారలుంటే ట్రాక్ మీద ఆయిలో నీళ్లో ఉన్నాయని. నీలం చూపిస్తే వెనక వేగంగా వచ్చేవాడికి దారివ్వమని.

అక్కడి మొదటి మలుపు, మేము సీ1 అంటాం, చాలా ఫాస్ట్. అక్కడ ఒక కుర్రాడు పడ్డాడు. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు. నేను పరుగెత్తే ముందు వెనక్కి చూశాను, ఇంకో నాలుగు బండ్లు వస్తున్నాయి. జెండా ఊపే తోటివాడి మీద నమ్మకంతోనే ట్రాక్ దాటాలి. వెళ్లాక చెయ్యాల్సింది మనిషిని లేపడం కాదు. హెల్మెట్ ముట్టుకోకూడదు. పేరు అడగాలి, కాళ్లు కదులుతున్నాయా చూడాలి, డాక్టరు వచ్చేదాకా పక్కనే కూర్చోవాలి. ఆ కుర్రాడు నా చెయ్యి వదల్లేదు. తర్వాతి సీజన్‌లో మళ్లీ వచ్చాడు, రేసు మొదలయ్యే చోటికి వెళ్లేముందు నా మూల దగ్గరకొచ్చి దండం పెట్టి వెళ్లాడు. ఇంకేం కావాలి?

కేటీఎం_చందు (ఉప్పల్, హైదరాబాద్)

అంకుల్స్ అందరికీ నమస్తే. రాత్రి మొదలుపెట్టి మొత్తం చదివిన. నా దగ్గర కేటీఎం 200 ఉంది. మా ఫ్రెండ్స్ శనివారం రాత్రుళ్లు ఔటర్ సర్వీస్ రోడ్డు మీద బెట్లు కట్టి రేసులాడతారు. నేను కూడా పోతున్న. నిజం చెప్పాలంటే బండి స్పీడ్ ఎక్కితే తప్ప వారమంతా మనసు నెమ్మదించదు. ట్రాక్ మీద రేస్ అంటే లక్షల్లో ఖర్చంట కదా? మా ఇంట్ల అంత లేదు. మాలాంటోళ్లకు దారి ఉందా, లేక ఇది పెద్దోళ్ల ఆటేనా?

వార్డ్_సిస్టర్ (వరంగల్)

చందూ, తమ్ముడూ, ముందు నా మాట విను. నేను ఎముకల వార్డులో నర్సుని. శనివారం రాత్రి నీలాంటి పిల్లలు వస్తారు. తొడ ఎముక విరిగి వచ్చినవాళ్లు అదృష్టవంతులు. మా సొంత తమ్ముడు రాలేదు, రోడ్డు మీదే పోయాడు. ఎదురుగా వచ్చింది కూరగాయల ఆటో. అందులో ఉన్న ఆయనకు ముగ్గురు పిల్లలు, ఆయన కాలు ఇప్పటికీ సరిగ్గా లేదు. రేసు ఆడాలని నీకుంది. ఆ ఆటో ఆయనకు లేదు కదా.

ఇక్కడ పెద్దలు రాసినవి చదువుతుంటే నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. మా తమ్ముడికి ఇలా చెప్పేవాళ్లు ఒక్కరు దొరికి ఉంటే అనిపించింది. తాతగారూ, వీడికి దారి చెప్పండి. వద్దని మాత్రం చెప్పకండి, వద్దంటే వీళ్లు రాత్రి పూట వెళ్తారు.

టూస్ట్రోక్_తాత

అమ్మా, మీ తమ్ముడి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పినట్టే చేస్తాను.

చందూ, రోడ్డుకీ ట్రాక్‌కీ తేడా ధైర్యంలో లేదు నాన్నా. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కున పోతారు. పడితే జారడానికి చోటుంటుంది, కరెంటు స్తంభం ఉండదు. అంబులెన్స్ లేకపోతే రేసే మొదలవ్వదు. ఈ ఏర్పాట్లలో ప్రతి ఒక్కదాని వెనకా ఎవరో ఒకరి ప్రాణం ఉంది. నేను భుజాల మీద వేసుకుని హెల్మెట్‌కి తగిలించుకునే హాన్స్ పట్టీ ఉంది. కారు గోడకు గుద్దినప్పుడు తల ముందుకు విసురుగా వెళ్లి పుర్రె అడుగుభాగం విరగకుండా ఆపుతుంది. 2001లో నాస్కార్ కార్ల రేసుల ఛాంపియన్ డేల్ ఎర్న్‌హార్ట్ అంతటివాడు అలాగే పోయాక గానీ నాస్కార్‌లో అలాంటి పట్టీ తప్పనిసరి కాలేదు.

డబ్బు సంగతి. నేను ఇక్కడ కార్లతో మొదలుపెట్టింది ఖాళీ పార్కింగ్ స్థలంలో. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్లు ప్లాస్టిక్ కోన్లు పెట్టి దారి గీస్తారు, ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీ. కోను తగిలితే రెండు సెకన్లు జరిమానా. రోజూ ఆఫీసుకు వెళ్లే కారే వాడాను. తర్వాతే పాత మాజ్దా మియాటా కారు కొని, బోల్తా పడినా నలగకుండా లోపల ఇనప పంజరం వెల్డింగ్ చేయించి స్పెక్ మియాటా క్లాసులో దిగాను. అందరికీ అదే కారు, అవే టైర్లు. కొనుక్కున్న హార్స్‌పవర్‌తో గెలవడం కుదరదు. ఇండియాలోనూ అలాంటి వన్ మేక్ పోటీలు ఉన్నాయి, చెన్నైవాళ్లు చెప్తారు.

మూల_జెండా

చందూ, టీవీఎస్ వాళ్ల వన్ మేక్ పోటీల్లో బండి వాళ్లే ఇస్తారు. సెలెక్షన్‌కి వెళ్లి టైమింగ్ చూపించాలి. ఆడపిల్లలకు విడిగా క్లాసు ఉంది. ముందు రేసింగ్ స్కూల్లో శిక్షణ తీసుకో, ఆ సర్టిఫికెట్‌తో దేశంలోని మోటార్ స్పోర్ట్స్ ఫెడరేషన్ ఇచ్చే లైసెన్సుకు అప్లై చెయ్యి. డబ్బు సమకూరేదాకా మార్షల్‌గా రా. మలుపు పక్కన రోజంతా నిలబడి చూస్తే, ఎవడు ఎక్కడ బ్రేక్ పడుతున్నాడో, ఏ గీత మీద పోతున్నాడో కళ్లముందు కనిపిస్తుంది.

కోవై_తెలుగు (కోయంబత్తూరు)

పెద్దోళ్ల ఆటా అని అడిగావు కాబట్టి మా ఊరి కరివర్ధన్ గారి గురించి చెప్పాలి. ఆయన మిల్లు కుటుంబంవారే, డబ్బున్నవారే. కానీ 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌ని డ్రైవరు వెనక పెట్టి ఫార్ములా మారుతి కార్లు కట్టారు, ఇతరులూ రేసుల్లోకి రావాలని. 796 సీసీ, మూడు సిలిండర్లు, స్పేర్లు వీధి చివర దొరికేవే. నారాయణ్ కార్తికేయన్ మొదలైందీ ఆ కార్లలోనే. 2005లో అతను ఫార్ములా వన్‌కి వెళ్లాడు. ఆ రోజు చూడటానికి కరివర్ధన్ గారు లేరు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఇక్కడి ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు. మీ హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి కూడా ఇలాంటి జాతీయ పోటీల్లోనే ఛాంపియన్ అయ్యాడు.

పింక్_హైడ్రో (పోర్ట్‌లాండ్)

నాన్న నన్ను రాయమన్నారు. నా తెలుగు రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఇక్కడ తొమ్మిదేళ్లు నిండితే పిల్లలు జూనియర్ హైడ్రో నడపవచ్చు. ఇంజిన్‌కి రిస్ట్రిక్టర్ పెట్టి వేగం తగ్గిస్తారు. స్కూల్లో ఫ్రెండ్ నడుపుతుంటే నేనూ అడిగాను. అమ్మ ఒప్పుకోదనుకున్నాను. అమ్మ ఒకటే అడిగింది: "లైఫ్‌జాకెట్ ఎవరు చెక్ చేస్తారు?" తర్వాత ప్రతి రేసుకూ తనే చెక్ చేసింది. నాన్న పడవ మోసి, ఇంజిన్ బిగించి, రెండు సీజన్లు ఒడ్డున నిలబడి, ఆగలేక తనూ పడవ కొన్నారు.

నాన్న రాయనిది ఒకటి చెప్తాను. బెంగళూరు ర్యాలీల్లో ఆయన పక్కసీట్లో రోడ్ బుక్ పట్టుకుని కూర్చుంది అమ్మే. పెళ్లయిన కొత్తలో. "ఎడమకు మలుపు, 1.4 కిలోమీటర్లు, తర్వాత కల్వర్టు" అని రాత్రంతా టార్చిలైటు కింద చదువుతూ, క్యాలిక్యులేటర్ మీద సగటు వేగం లెక్కగట్టేది. ఆ ర్యాలీల్లో చెక్‌పోస్టుకి ముందే చేరినా జరిమానా, ఆలస్యమైనా జరిమానా. నాన్న పేరు మీదున్న కప్పుల్లో సగం అమ్మవి. ఆ రోడ్ బుక్కులు నా దగ్గర ఉన్నాయి, అవి మాత్రం గ్యారేజీ సేల్‌లో పెట్టనివ్వలేదు.

టూస్ట్రోక్_తాత

సగం కాదు తల్లీ, మొత్తం మీ అమ్మవే. ఆమె లెక్క తప్పలేదు కాబట్టే నేను నడపగలిగాను.

కేటీఎం_చందు

తాతా, సిస్టరక్కా, అందరికీ థ్యాంక్స్. మొన్న శనివారం పోలేదు. మా వాళ్లకు కూడా ఈ లింక్ పంపిన, ఇద్దరు చదివిన్రు. మూల_జెండా అన్నకు మెసేజ్ పెట్టిన. వచ్చే రౌండ్‌కు మార్షల్‌గా రమ్మన్నడు, ట్రైన్ టికెట్ బుక్ చేసుకున్న. ట్రైనింగ్‌కి ఏమేం కొనాలె? హెల్మెట్ పాతదే ఉంది, ఒకసారి కింద పడ్డది.

టూస్ట్రోక్_తాత

ఆ హెల్మెట్ వాడొద్దు. పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి థర్మాకోల్ ఒకసారి నలిగితే మళ్లీ దెబ్బ ఆపదు. ఉన్న డబ్బంతా ముందు హెల్మెట్ మీద పెట్టు. సూటు, బూట్లు చాలాచోట్ల అద్దెకు దొరుకుతాయి. గ్లవ్స్ కొనకు. నా దగ్గర కొత్త జత ఉంది, ఒక్కసారే వేసుకున్నాను. మా అమ్మాయి సంక్రాంతికి హైదరాబాద్ వస్తోంది. అరచేతి చుట్టుకొలత టేపుతో కొలిచి సెంటీమీటర్లలో రాయి, సరిపోతే తనతో పంపిస్తాను.